చిన్న సంతోషము – శాస్త్రదృష్టి

ఛాందోగ్యోపనిషత్తునందు నారదుడు సనత్కుమారునియొద్దకు శిష్యుడై వచ్చిన కథ పాఠకమహాశయులు ఎరుగనిది కాదు. వేదములు, ఇతిహాసపురాణములు, వ్యాకరణము, గణితము, నక్షత్రవిద్య మొదలుగా తాను చదివిన విద్యలనన్నింటిని వరుసగా ఏకరువు పెట్టి, ఇన్ని చదివియు తాను శోకములోనే ఉన్నానని ఆ దేవర్షి విన్నవించుకొనెను. సనత్కుమారుడు ఆయనను మెట్టుమెట్టుగా పైకి నడిపించి తుదకు భూమవిద్యను ఉపదేశించెను. మేరలేనిదే సుఖమనియు, అల్పమునందు సుఖము వెదకిన దొరకదనియు ఆ ఉపదేశసారము.

దీనిని పట్టుకొని కొందరు పెద్దలు ఒక తీర్పు చేసి పెట్టుకొనియున్నారు. దినదినము మనకు ఎదురగు చిన్న సంతోషములు అల్పములు. అల్పములు గనుక హేయములు. ముముక్షువు వానివంక కన్నెత్తి చూడరాదు అని. ఉపన్యాసవేదికలపై ఈ మాట తరచుగా వినబడుచుండును. వినుటకు గంభీరముగనే ఉండును. ఉపన్యాసము ముగిసిన పిమ్మట చెప్పినవారును విన్నవారును కూడి వేడికాఫీ త్రాగుచున్నప్పుడు వారి ముఖములలోని కళను చూచినవారికి మాత్రము, ఈ తీర్పును మరల ఒకమారు విచారణకు తేవలెనేమో అని తోచును.

మా పాకాల పెద్ద క్షేత్రము కాదు. అది ఒక రైలు జంక్షను. కాట్పాడినుండి తిరుపతికి పోవు మార్గమును, ధర్మవరమునుండి కదిరి, పీలేరుల మీదుగా వచ్చు మార్గమును ఇచట కలియును. పందొమ్మిదవ శతాబ్ది చివర మీటరుగేజిగా పడిన పట్టాలు ఈ శతాబ్దమున బ్రాడ్‌గేజిగా మారినవి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మా మండలము చిత్తూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలో చేరినది. ఇచట సామాన్యముగ ఒక దినము మరియొక దినమువలెనే గడచును. అట్టి దినములోనే తెల్లవారుజామున కళ్లాపి చల్లిన నేలనుండి ఒక వాసన వచ్చును. మొదటి బండి కూత విని మేల్కొన్న పొరుగింటి పసివాడు ఆ కూతనే తిరిగి కూయును. వేసవిలో మామిడికాయల లారీ దామలచెరువు మండీవైపు పోవుచు, మండుటెండలో వీథినంతటిని ఒక్క నిమిషము కమ్మని వాసనతో నింపిపోవును. పాఠము చెప్పించుకొనుచున్న పిల్లవాడు పదిమార్లు తప్పిన స్వరితమును పదునొకండవమారు తనంతట తానే సరిగా పలికి, తన గొంతునకు తానే ఆశ్చర్యపడి నా ముఖము చూచును. చలికాలమున చెరకు గానుగ ప్రక్కగా నడచిపోవువానిని ఎవరో ఎరుగనివారు పిలిచి, పెనములోనుండి తీసిన వేడిబెల్లపు పాకమును చెరకుముక్క కొనకు అంటించి చేతికిత్తురు. నాలుక కాలును. అయినను ఊదుకొనుచు తినకుండ ఎవడును ముందునకు కదలడు.

వీనికి ధనము అక్కరలేదు. ప్రయత్నమును అక్కరలేదు. వీనికొరకై ఎవరును ఎదురుచూచుచు కూర్చుండలేదు. వచ్చినవి, పోయినవి. పోయిన తరువాత ఆ దినము మాత్రము కొంచెము వెలుగుగా మిగిలినది. ఆ వెలుగు ఎక్కడిది? దానిని ఆదరింపవలెనా, త్రోసిపుచ్చవలెనా?

ఇది తీరికగలవారి చర్చయని తోచవచ్చును. నాకట్లు తోచుట లేదు. అందులకు కారణము చెప్పెదను. మా స్టేషనులో మల్లెలు, కనకాంబరములు గంపలో పెట్టుకొని అమ్ముకొను ఒక తల్లి కలదు. ఎదిగిన కుమారుడు జ్వరముతో నాలుగు దినములలో పోయెను. మూడు మాసములు నిండకముందే ఒకనాటి సాయంకాలము ఆమె మా యింటికి వచ్చి, రమ్మన్నను అరుగు ఎక్కక, క్రిందనే నిలిచి అడిగినది:

"సామీ, ఒక మాట అడగల్ల. మొన్న పొద్దున కాట్పాడి బండి నిలిచిండాది. ఒక పసిబిడ్డ కిటికీ కమ్మీల్లోంచి చెయ్యి చాపి నా గంపలో పూలమూర పట్టుకునె. తీసుకొని బోడిగుండు మింద పెట్టుకునె. అది జారిపాయె. మళ్లా పెట్టుకునె, మళ్లా జారిపాయె. నాకు నవ్వొచ్చేసింది సామీ. గట్టిగా నవ్వితిని. నవ్వినాక నా బిడ్డ గుర్తుకొచ్చినాడు. వాడు పొయ్యి ఇంకా మూణ్ణెల్లు కాలా. నాకు నవ్వెట్లొచ్చె? నా బిడ్డను మరిచిపోతినా? ఇది పాపం కాదా సామీ?"

ఆ పొద్దుటినుండి ఈమె అన్నము ముట్టలేదని వెంట వచ్చిన పొరుగింటి ఆమె చెప్పినది.

అల్పమునందు సుఖము లేదను మాటను ఈ తల్లికి చెప్పినచో ఏమగును? "అవును, పాపమే" అని తీర్మానించుకొని ఇంటికి పోవును. ఇక మీదట నవ్వు వచ్చునని భయపడి పసిబిడ్డల వంక చూచుటయే మానును. ఉపనిషత్తు అందులకొరకు చెప్పబడినదా?

నాకు మొదట స్ఫురించినది తైత్తిరీయములోని ఆనందమయకోశము. అచట ఆనందమయుని ఒక పక్షిగా రూపించి, ప్రియము శిరస్సనియు, మోదము కుడిరెక్కయనియు, ప్రమోదము ఎడమరెక్కయనియు, ఆనందము నడిమి దేహమనియు, బ్రహ్మము ఆధారమైన పుచ్ఛమనియు వర్ణించిరి. ఇష్టమైనది లభించుటచేత కలుగు హర్షము మోదమని, అదియే మిక్కిలి హెచ్చినప్పుడు ప్రమోదమని శంకరభగవత్పాదుల భాష్యము. ప్రియమన్ననో, కేవలము చూచుటచేత కలుగు సంతోషము. అది ప్రధానమైనది గనుక శిరస్సువంటిదని ఆయన వ్రాసిరి. అమరసింహుడు తన కోశములో సంతోషమునకు పన్నెండు పేర్లు కూర్చినాడు; పాఠశాలలో మేము వానిని శ్వాస విడువకుండ వల్లించెడివారము. ఉపనిషత్తు అట్టి మాటలలో కొన్నింటిని ఏరి పక్షికి అవయవములుగా అమర్చినప్పుడు, చేతికి చిక్కినదానికి రెక్కను ఇచ్చి, కంటితో చూచినంతమాత్రమున కలిగినదానికి తలను ఇచ్చినది. చిన్న సంతోషమునకు ఇంతకంటె గొప్ప పీఠము ఎవరు వేయగలరు?

కాని భాష్యకారులు ప్రియమునకు చూపిన ఉదాహరణము పుత్రదర్శనము. బిడ్డను చూచినప్పటి సంతోషము. ఆ తల్లి యెదుట ఆ మాట నా నోట రాలేదు. మరియొక చోట వెదకవలసివచ్చినది.

మా సీమలో ద్రౌపదీధర్మరాజుల గుళ్లు ఎన్నో ఊళ్లలో కలవు. వేసవిలో భారత ఉత్సవము జరుగును. పగలు హరికథ, రాత్రి వీథినాటకము, చివర దుర్యోధనవధ, అగ్నిగుండము. అక్షరము రానివారికి గూడ భారతము కంఠోపాఠముగ ఉండుట ఈ ఉత్సవముల చలువయే. కావున ఆమెకు యక్షప్రశ్నల కథ చెప్పుట కష్టము కాలేదు.

కథ అందరికి తెలిసినదే. అరణ్యవాసము పన్నెండేండ్లు ముగియవచ్చినవి. బ్రాహ్మణుని అరణిని కొమ్ములకు తగిలించుకొని పారిపోయిన మృగమును వెంబడించి పాండవులు దప్పిగొనిరి. నీటికి పోయిన నకులుడు రాలేదు, సహదేవుడు రాలేదు, అర్జునుడు, భీముడు రాలేదు. ధర్మరాజు పోయి చూడగా కొలనుగట్టున నలుగురు తమ్ములు నిర్జీవులై పడియున్నారు. అట్టి స్థితిలో యక్షుడు ప్రశ్నలు వేయుచున్నాడు. వానిలో ఒకటి, లోకములో సంతోషించువాడు ఎవడు అని. ఆ ప్రశ్నలోని క్రియయు తైత్తిరీయములోని మోదమును ఒక్క ధాతువునుండి పుట్టినవే. దానికి ధర్మరాజు చెప్పిన సమాధానములో స్వర్గము లేదు, సామ్రాజ్యము లేదు. అప్పు లేక, పరదేశమునకు పోక, తన యింట తాను పొద్దుపోయిన తరువాతనైనను ఇంత ఆకుకూర వండుకొనువాడు సంతోషించువాడని ఆయన తాత్పర్యము. మూలములోని అయిదు, ఆరు అను సంఖ్యలకు దినభాగములని కొందరు, దినములే యని కొందరు అర్థము చెప్పుదురు. పండితులకు ఇది మంచి కాలక్షేపము. కూర మాత్రము ఏ అర్థములోనైనను కూరయే.

ఈ సమాధానమును మనము సుభాషితముగ కంఠస్థము చేసి, చెప్పిన చోటును మరచితిమి. ఇంద్రప్రస్థములో మయసభయందు కూర్చున్నప్పుడు ఈ ప్రశ్న వేసియుండినచో ధర్మరాజు ఏమి చెప్పెడివాడో మనకు తెలియదు. ఇచట ఆయనకు ఇల్లు లేదు, ఉన్నది పరవాసము, నలుగురు తమ్ములు నేలపై ఉన్నారు. అట్టివాని నోట ఇంటిపొయ్యిమీది కూర వచ్చినది. శోకము ఆయన నాలుకనుండి ఆ రుచిని తుడిచివేయలేదు. తమ్ముల శవముల ప్రక్కన నిలిచి కూరమాట తలచితివేమి, నీకు ప్రేమ లేదా అని యక్షుడు గద్దింపలేదు. ఆ యక్షుడు ఎవరు? సాక్షాత్తు యమధర్మరాజు. మృత్యువునకే తప్పుగా తోచని మాట మనకేల తప్పుగా తోచవలెను? ఇంకను చూడుడు: ఒక్కని బ్రతికింతును, కోరుకొమ్మన్నప్పుడు, కుంతికి నేనున్నాను, మాద్రికిని ఒక కుమారుడు ఉండవలెనని నకులుని కోరినది ఆ నోరే. చిన్న సంతోషమును తలచినవాడు చనిపోయినవారిని మరచినవాడు కాలేదు. సవతితల్లి కడుపును గూడ ఆ క్షణమున ఆయన మరువలేదు.

ఆ తల్లి కథ అంతయు విని, "ధర్మరాజుకు గూడానా సామీ?" అని మాత్రము అన్నది.

కర్మకాండను విచారించినను ఇదియే కనబడును. ఆచారములు కులమునుబట్టి, ఊరినిబట్టి మారును. ఐనను పండ్రెండు దినముల కర్మ ముగించిన పిమ్మట పదుమూడవనాడు శుభస్వీకారము చేయు వాడుక చాలమందిలో కలదు. తలంటి, నుదుట బొట్టుపెట్టి, తీపి తినిపించుట. చిన్నతనమున ఇది నాకు కఠినముగ తోచెడిది. ఇంట కన్నీరు ఆరకముందే పాయసమా అని. పిమ్మట ధర్మశాస్త్రములు చదివినప్పుడు తెలిసినది: శాస్త్రము ఆశౌచమునకు దినములు లెక్కకట్టినదిగాని శోకమునకు కట్టలేదు. శోకము ఎన్నాళ్లుండవలెనో, ఎన్నాళ్లకు పోవలెనో అది విధింపలేదు. శుభమును మాత్రము ద్వారమువద్ద నిలుపవలదన్నది. అట్లన్న శాస్త్రమే ప్రతి సంవత్సరము ఆ తిథినాడు పిండము పెట్టుమన్నది. మూడుతరముల పేర్లు పలుకుమన్నది. మరపు కోరిన శాస్త్రమైనచో ఆబ్దికమును ఏల విధించును? శుభస్వీకారమును ఆబ్దికమును ఒక్క గ్రంథములోనివే. ఒకటి చేసినవాడు రెండవదానికి ద్రోహము చేసినట్లు ఏ ఋషియు చెప్పలేదు.

అట్లని దుఃఖములో ఉన్నవారికి, పూలు చూడుడు, పసిబిడ్డలను చూడుడు, సంతోషము కలుగును అని ఉపదేశించువారిని నేను మెచ్చను. వాల్మీకి ఈ విషయమున మహాజాగరూకుడు. చిత్రకూటమున శ్రీరాముడు సీతకు కొండను చూపి, ఈ రమణీయతను చూచుచుండగా రాజ్యము పోయినదను బాధ తనకు లేదని చెప్పెను. ఆ రాముడే పంపాతీరమునకు వచ్చెను. అచటను వసంతమే, పూచిన చెట్లే, పక్షులే. కాని సీత ప్రక్కన లేదు. ప్రతిపువ్వును ఆయన దుఃఖమును పెంచినది. పూలయందే సంతోషము ఉండియుండినచో పంపయు చిత్రకూటమువలెనే పనిచేసియుండవలెను. కావున సంతోషము వస్తువులో నిలిచి ఉండునది కాదు. దానిని ఒకరు మరియొకరికి మందువలె పోయను వీలులేదు. ఆ తల్లికిని ఆ దినము నవ్వు వచ్చినది. మరునాడు అదే బిడ్డ అదే కిటికీలో కనబడినను ఏడుపు వచ్చియుండవచ్చును. రెండింటికిని ఆమె దోషి కాదు.

మరి వస్తువులో లేనిచో ఎచట ఉన్నది? బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు జనకునకు చెప్పినదేమనగా, పరమమైన ఆనందము ఒకటే, తక్కిన ప్రాణులన్నియు దాని లేశముతో బ్రదుకుచున్నవి అని. విద్యారణ్యస్వామి 14వ శతాబ్దివాడు. ఆయన పంచదశిలో చివరి అయిదు ప్రకరణములను ఆనందవిచారమునకే కేటాయించి, అందులో కడపటిదానికి విషయానందమని పేరు పెట్టిరి. అంత గొప్ప అద్వైతి విషయానందమును చీపురుతో ఊడ్చివేయలేదు. అది బ్రహ్మానందమునకు అంశమనియు, ద్వారమనియు నిరూపించిరి. కలకబారిన నీటిలో చంద్రుడు మసకగా, తేరిన నీటిలో స్పష్టముగ కనబడునట్లు, మనస్సు శాంతించిన వృత్తియందు ఆ ఆనందము తోచునని ఆయన దృష్టాంతము.

మా ప్రాంతమువారికి నేను మరియొక దృష్టాంతము చెప్పుచుందును. స్వర్ణముఖి పుట్టినది మా పాకాల సమీపపు కొండలలోనే. చంద్రగిరి దాటి, తొండవాడ అగస్త్యేశ్వరుని సన్నిధిని తాకి, శ్రీకాళహస్తిని ఒరసికొనుచు, సుమారు 130 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమున కలియును. పేరు చూచి గోదావరివంటిదని భ్రమపడరాదు. ఏడాదిలో ఎక్కువ మాసములు అది ఇసుకయేరు. కొత్తవారు వంతెనమీదనుండి చూచి, పాపము నది ఎండిపోయినదందురు. మా బాల్యమున ఎండినదని ఎవరును అనుకొనెడివారు కాదు. స్త్రీలు బిందెలతో దిగి, ఇసుకను మూరెడులోతు తోడి చెలమ తీసెడివారు. మొదట ఊరునది మురికినీరు. దానిని కొబ్బరిచిప్పతో మెల్లగా తోడి పారబోయవలెను. తొందరపడి కెలికినచో మరల కలగును. ప్రక్కన కూర్చుండి కొంతసేపు ఊరకుండవలెను. అప్పుడు అడుగున ఇసుకరేణువులు లెక్కపెట్టదగినంత తేటనీరు ఊరును. చెలమ ఎంత? చెంబు మునుగునంత. నీరు మాత్రము చెలమది కాదు, ఏటిది. ఇసుక క్రింద కొండనుండి సముద్రమువరకు నడచుచున్న ఏరు అచట ఒకచోట కంటబడినది, అంతే. (ఇసుకను లారీలకెత్తి తరలించిన చోట్ల ఇప్పుడు మూరెడు తోడిన నీరు తగులుట లేదు. అది వేరు దుఃఖము. దానిని గూర్చి వేరుగ వ్రాయవలెను.)

ఇప్పుడు ఛాందోగ్యమునకు మరలుదము. అల్పమను మాటకు ఆ ఉపనిషత్తే లక్షణము చెప్పినది. చూచువానికి చూడబడునది వేరుగా, వినువానికి వినబడునది వేరుగా నిలుచుచోటు అల్పము. ఆ వేరుదనము లేనిది భూమ. అనగా అల్పత్వము వస్తువు కొలతను బట్టి ఏర్పడునది కాదు. ఏనుగునెక్కి ఊరేగువాడు ప్రక్కవాని ఏనుగు దంతములవంక చూచి కుములుచున్నచో ఆ ఊరేగింపంతయు అల్పమే. పూలమూర జారిపోవుచుండగా నవ్విన తల్లికి ఆ రెప్పపాటులో తాను, ఎవరిదో బిడ్డ, గంప, బేరము, దుఃఖము అను లెక్కలేవియు లేవు. అది బ్రహ్మానుభవమని నేననను, అట్లనుట సాహసము. కాని సనత్కుమారుడు త్రోసివేసిన అల్పము అది కాదని మాత్రము నిస్సంశయముగ చెప్పుదును. మనము చెలమ వైశాల్యమును చూచి ఏటిని అల్పమనుచున్నాము.

అట్లైనచో ఇట్టి క్షణములను మరికొన్నింటిని కూర్చుకొనరాదా అని బుద్ధిమంతులు అడుగుదురు. ఇచటనే జాగ్రత్త అవసరము. తైత్తిరీయమునందు ఆనందమునకు ఒక గణితము కలదు. సజ్జనుడు, విద్యావంతుడు, దృఢకాయుడైన యువకుడు. సంపదతో నిండిన భూమండలమంతయు వానిదే. వాని ఆనందము ఒక్క మానుషానందము. దానికి నూరురెట్లు మనుష్యగంధర్వుల ఆనందము. ఇట్లు పదిమార్లు నూరేసిరెట్లు పెంచుచు పోయి బ్రహ్మ ఆనందమును చేరుదుము. ఒకటి ప్రక్కన ఇరువది సున్నలు. మనుష్యగంధర్వులు మొదలుకొని ప్రతిమెట్టునందును, ఆ ఆనందము కామముచేత దెబ్బతినని శ్రోత్రియునకును కలదని ఒక మాట చేర్చిరి. మొట్టమొదటి మెట్టులో మాత్రము ఆ మాట లేదు. ఎందుకు లేదని మా గురువులు మమ్ములను ఒక వారము వేధించిరి. మనుష్యభోగములను కోరనివాని ఆనందము, భూమియంతయు తనదైన ఆ యువకుని ఆనందముతో సమానము కాదు, దానికి నూరురెట్లు అధికమని చెప్పుటకే అచట విడిచిపెట్టిరని భాష్యము.

చిన్న సంతోషపు రహస్యము ఈ విడిచిపెట్టిన మాటలో ఉన్నదని నాకు తోచును. ఆ తల్లి నవ్వును కోరలేదు. కోరియుండినచో వచ్చియుండదు. గానుగ ప్రక్కన నడచువాడు బెల్లము ఆశించి నడువలేదు; ఆశించి మరునాడు మరల పోయినచో పాకము అదియే, నాలుకయు అదియే, మొదటినాటి ఉల్లాసము మాత్రము ఉండదు. కోరిక ఒక్క క్షణము పక్కకు తొలగినప్పుడు వచ్చినదానిని మరల కోరికతోనే పట్టబోవుట పిచ్చితనము. ఇప్పుడు సూర్యోదయమైనచో జనులు తూర్పునకు వీపుపెట్టి సెల్‌ఫోనులో తమ్ము చూచుకొనుచున్నారు. సూర్యుడు దీనికి ఏమనుకొనునో తెలియదు.

అమెరికాదేశములో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఇద్దరు 2003లో ఒక పరిశోధనను ప్రకటించిరి. కొందరిచేత కొన్ని వారములపాటు తమకు కృతజ్ఞత కలిగించిన విషయములను, మరికొందరిచేత విసుగు పుట్టించిన విషయములను వ్రాయించిరి. మొదటివారు తమ జీవితమును గూర్చి ఎక్కువ తృప్తితో ఉన్నట్లు తేలినది. ఇది మంచిమాటయే. ఆ వ్రాయుట కృతజ్ఞత కొరకైనంతవరకు దానిలో దోషము లేదు. మన పెద్దలు రాత్రి పండుకొనబోవుచు ఆనాటి మేలును దైవమునకు నివేదించుటయు అట్టిదే. నేటి సంతోషములు నిన్నటికంటె రెండు తక్కువైనవే అని కూడికలు మొదలైనప్పుడు మాత్రము అది వడ్డీవ్యాపారమగును.

గీతను ఎత్తిచూపువారును ఉన్నారు. ఇంద్రియసంస్పర్శవలన పుట్టిన భోగములు దుఃఖమునకు జన్మస్థానములని అయిదవ అధ్యాయములో భగవానుడు చెప్పలేదా అని. చెప్పెను. భోగములనే చెప్పెను. పట్టుకొని, దాచుకొని, ఇంకను కావలెనని పీకులాడునది భోగము. ఆ భగవానుడే పదునేడవ అధ్యాయమున మానసతపస్సును విభజించుచు, దానిలో మొట్టమొదట మనఃప్రసాదమును చెప్పెను. మౌనమునకు ముందు, ఆత్మనిగ్రహమునకు ముందు, మనస్సు తేటపడుటను తపస్సుగా లెక్కించెను. చిరచిరలాడు ముఖమే వైరాగ్యలక్షణమని నమ్మువారు ఈ శ్లోకమును తొందరలో దాటిపోవుచుందురు.

ప్రసాదమను మాటకు మూలార్థము ఈ తేటదనమే. గుడిలో మనకిచ్చునదియు ఆ పేరిటనే ఇత్తురు. గంటలకొలది వరుసలో నిలిచినవానికి తుదకు దొరకునదేమి? ఉద్ధరిణెడు తీర్థము, రెండు తులసిదళములు, తలపై ఒక్క క్షణము శఠగోపము. తీర్థము కొంచెమని ఎవరును దుఃఖింపరు. కుండెడు ఇమ్మని ఎవరును అడుగరు. అంగడిలో కొలతకు కలహించువాడే ఇచట అరచేతిలోని చుక్కలను కనులకద్దుకొనును. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను చూడుడు. దంచుడు పాటల సువ్వి, ఊయల లాలి, గొబ్బి, ఏల. ఆడువారు పనిచేయుచు, ఆడుచు పాడుకొను పాటల రూపములనే తీసికొని స్వామికి అప్పగించిరి. రోటిపనికి విసుగు ఎంత ఉన్నదో ఆయన ఎరుగనివాడు కాడు. రోకలి లేచి పడునంతలో ఇద్దరు స్త్రీల చూపులు కలిసి నవ్వు పుట్టునని గూడ ఎరిగినవాడు.

ఇవన్నియు ఆ తల్లికి చెప్పలేదు. ఆమెకు చెప్పినది ధర్మరాజు కథయు, శుభస్వీకారపు మాటయు మాత్రమే. పాపము కాదని ఒకటికి రెండుమార్లు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, ఏడాది తద్దినము ఏ తేదీన వచ్చునో చూడుమన్నది. కుమారుడు పోయిన దినము, వేళ చెప్పినది. పంచాంగము తెచ్చి, మాసము, పక్షము, తిథి లెక్కచూచి, తేదీ కాగితముపై వ్రాసి ఇచ్చితిని. చదువురాదు గనుక నాచేత రెండుమార్లు చెప్పించుకొని, కాగితమును మడిచి చెంగున ముడివేసికొనెను. ఆ దినము తాను స్టేషనుకు పోననియు, మరునాడు పొద్దుటి బండికి పూలు కట్టవలెననియు చెప్పినది. అప్పటికి మా యింట దీపములు పెట్టిరి. ఇంటిలోనుండి నా భార్య విస్తరిలో ఇంత సంగటియు, చెనక్కాయల ఊరుబిండియు తెచ్చి యిచ్చినది. ఆమె అరుగుమీద కూర్చుండి తిన్నది.